పరోపకారమునకు ఒక పట్టిక

మేలు చేయవలెనను కోరిక మనుష్యులలో అరుదైనది కాదు. ఏ శనివారము, ఎన్ని గంటలకు, ఏ చీపురు పట్టి ఆ మేలు మొదలుపెట్టవలెనో నిశ్చయించుకొన్న కోరిక మాత్రము అరుదు. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైరులో మా కుమారుడు కాపురమున్న చిన్న గ్రామమున వేసవులు గడుపుచుండు నాకు ఈ భేదమును తెలిపినది ఏ ఉపన్యాసమో, ఏ ఉద్గ్రంథమో కాదు. ఆ ఊరి ఆంగ్లికన్ చర్చిలో ద్వారము దాటగానే ఎడమచేతి గోడకు గుండుసూదులతో గుచ్చియున్న ఒక కాగితము. ఆదివారపు పాఠము ఎవరు చదువవలెను, బల్లకడ పూలు ఎవరు అమర్చవలెను, ఆరాధన ముగిసిన పిమ్మట టీ ఎవరు కాచవలెను, ఉదయమున తలుపు తీయుటయు సాయంకాలమున తాళము వేయుటయు ఎవరి వంతు అను వివరములన్నియు దానిపై గడులు గీచి వ్రాసియుండును. అక్కడివారు దానిని రోటా అందురు.

అంత చిన్న కాగితముపై ఇంత భారము ఎట్లు పడినదో తెలియవలెనన్న ఆ సంస్థ నిర్మాణమును కొంత ఎరుగవలెను. చర్చి ఆఫ్ ఇంగ్లండుకు దాదాపు 16,000 ఆరాధనా భవనములు కలవు; వానిలో పెక్కు పల్లెలయందే యున్నవి. ఊరికొక వికారు, అనగా చర్చి గురువు, ఉండు కాలము ఏనాడో గతించినది. నేడు పల్లెపట్టులలో ఒకే వికారు నాలుగైదు గ్రామముల చర్చిలను చూచుకొనుచు, ఆదివారమునాడు తొమ్మిదిన్నరకు ఒక ఊరను, పదకొండుకు మరియొక ఊరను ఆరాధన జరుపుచుందురు. తక్కిన దినములలో ఆ భవనము యోగక్షేమములు గ్రామస్థులవే. వారు ఏటేట సభ జరిపి ఇద్దరు చర్చి వార్డెన్లను ఎన్నుకొందురు. మధ్యయుగముల నుండి వచ్చుచున్న ఈ పదవికి జీతము లేదు. పాత్రలు, పుస్తకములు మొదలుకొని చర్చి చరాస్తి యంతయు చట్టరీత్యా వారి అధీనమున నుండును. కప్పు కారినను, కిటికీ అద్దము పగిలినను జనులు మొదట పోవునది వారి యింటికే.

ఇట్టి యేర్పాటునకు అసలు పరీక్ష వేసవిలో వచ్చును. ఈస్టరు, పెంతెకొస్తు గడచి, త్రిత్వ ఆదివారము కూడ దాటిన పిదప, చర్చి సంవత్సరమున పెద్ద పండుగలు లేని దీర్ఘకాలము ఆరంభమగును. బల్లమీద ఆకుపచ్చని వస్త్రము పరచి, నెలల తరబడి దాదాపు ఆ రంగుతోనే వెళ్లబుచ్చుదురు. జూలై మూడవ వారము దాటుసరికి బడులు మూతపడును. ఆరు వారముల ఆ సెలవులలో సంసారములు కార్న్‌వాల్ తీరమునకో, స్పెయిను దేశమునకో తరలిపోవును. గోడమీది కాగితమును అప్పుడు చూడవలెను! ఎక్కడ చూచినను కొట్టివేతలు, బాణపు గుర్తులు, ఒకరి పేరుపై మరియొకరి పేరు. అయినను ఆ గజిబిజిలో ఒక కట్టుబాటు కలదు. రాలేనివారు తమకు బదులు మరియొకరిని తామే వెదకి, ఆ పేరు వ్రాసిన తరువాతనే తమ పేరు కొట్టవలెను. వీలుకాదని చెప్పి తప్పుకొనుటకు ఆ పట్టికలో గడి లేదు.

అందులో నాకు దక్కినది గడ్డి పని. చర్చి చుట్టునుగల సమాధుల ఆవరణ శతాబ్దములుగా నాగలి ఎరుగని నేల. చుట్టుపట్ల పొలములలో ఎరువుల ధాటికి కనుమరుగైన ఆక్స్‌ఐ డైసీ, నాప్‌వీడ్ వంటి పూలమొక్కలు అచట ఇంకను మిగిలియున్నవి. అవి పూచి విత్తనము రాల్చువరకు, అనగా జూలై కడపటి దినముల వరకు, వానిని ముట్టరు. పిదప ఒక శనివారమునాడు, రాత్రి కురిసిన మంచు ఆరకముందే, పొడుగుపిడి కొడవళ్లతో దిగుదురు. తడిగడ్డి తెగినట్లు ఎండిన గడ్డి తెగదు. బస్సు డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న ఒక పెద్దాయన ఈ విద్యలో అందరికిని గురువు. కత్తిని ఇంచుమించు నేలకు ఆనించి, అర్ధచంద్రాకారముగా త్రిప్పుచు, కొంతసేపటికొకసారి నిలిచి, నడుమున వ్రేలాడు తడి సానరాతితో అంచును ఇరువైపుల నూరి మరల సాగును. ఒకనాడు కొడవలి నా చేతికిచ్చి, ‘‘చేతులతో నరక్కండి. నడుం తిప్పండి, కత్తి దానంతటదే వస్తుంది’’ అనెను. నా నడుము ఆ మాట వినుటకు చాల దినములు పట్టినది.

కోయుటకంటె కోసినదానిని ఎత్తివేయుట ముఖ్యము. గడ్డి అక్కడనే కుళ్లి నేలకు సారమైనచో, బలిసిన గడ్డి జాతులు విజృంభించి పూలమొక్కలను అణచివేయును. నేల పేదదైనప్పుడే పూలు నిలుచును. కనుక పొడుగాటి పళ్లున్న కర్రలతో ఆ కోత నంతయు దగ్గరకు లాగి, గంపల కెత్తి, ఒక మూల కుప్పవేయుదురు. ఇటీవల ఆప్తులను పాతిపెట్టినవారికి మాత్రము మోకాలెత్తు గడ్డి నిర్లక్ష్యముగా తోచును. ఆ బాధయు సత్యమైనదే. అందువలన కొత్త సమాధుల వరుసను, నడక దారులను యంత్రముతో పొట్టిగా కత్తిరించి, పాతవానిని పూలకు విడిచిపెట్టినారు. పువ్వులపై ప్రేమ గలవారును, మృతులపై ప్రేమ గలవారును ఒకే ఆవరణలో ఇమిడిన తీరు ఇది.

ఇంకొక వంతు ఎవరి కంటను పడనిది. ప్రభుభోజన సంస్కారపు పాత్రలను తుడుచు చిన్న నార వస్త్రములను ఇంటికి తీసికొనిపోయి, ఉతికి, ఇస్త్రీచేసి, మడతలు చెడకుండ తెచ్చియిచ్చుట. మొదటి జాడింపు నీటిని తూములో పోయరాదు. మట్టిలో, ఏదేని మొక్క మొదటనే పోయవలెను. మన ఇండ్లలో నిర్మాల్యమును కాలు తగులుచోట పారవేయక చెట్టు మొదట వేయువారికి ఈ నియమమును వివరించి చెప్పనక్కరలేదు.

సెలవులలో పిల్లలకు ఒక వారము పాటలు, కథలు, చేతిపనులు నేర్పుదురు. మన తెలుగు సంఘములలో వేసవి యందు జరుగు వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూలు) వంటిదే. ఇంగ్లండులో ఆ పని చేయదలచినవారి పూర్వచరిత్రను ప్రభుత్వ రికార్డులలో విచారించి ధ్రువపత్రము వచ్చిన పిమ్మటనే పిల్లల చెంతకు రానిత్తురు. జీవితమంతయు ఆ ఊరనే గడపిన బామ్మగారికిని మినహాయింపు లేదు; ఆమె దానిని అవమానముగ తలచుటయు లేదు. తన మంచితనమునకు పరీక్ష అక్కరలేదని వాదించు మంచితనమును చూచి నేను కొంచెము జంకుదును.

ఈ పట్టికను నేను దేవతామహిమగా వర్ణించుట లేదు. ఉన్నవారిని అది నిలుపగలదే గాని లేనివారిని పుట్టింపలేదు. ఏటేట గడులలో అవే పేర్లు. ఆ పేర్లకు వయస్సు పెరుగుచున్నది. వారి మనుమలు నగరములయందున్నారు. భారమంతయు నలుగురి నెత్తిన పడినప్పుడు సేవ కూడ విసుగగును.

అయినను క్రమము తప్పని ఈ సేవారీతి మనకు పరాయిది కాదు. 1912లో డోర్నకల్లు ప్రథమ బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలోని నిరుపేద సంఘములు తమ కాళ్లపై తాము నిలువవలెనని జీవితాంతము పాటుపడిరి. 1947లో ఆంగ్లికనులు ఇతర శాఖలతో కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడుటకు రెండేండ్లకు పూర్వమే, డోర్నకల్లులోనే కన్నుమూసిరి. సంఘము తన కాళ్లపై తాను నిలుచుటకు తోడుగా, వంటకు బియ్యము కొలుచునపుడెల్ల పిడికెడు తీసి చర్చి కొరకు వేరుగా నుంచు ఆచారము తెలుగు క్రైస్తవ గృహిణులలో కలదు. ధనవంతుడు ఒకనాడిచ్చు బస్తాకును ఈ పిడికిటికిని తేడా పరిమాణమున లేదు, క్రమమున నున్నది. బస్తా దాతను జ్ఞాపకము చేయును. పిడికెడు పొయ్యి వెలిగిన ప్రతి పూటను కర్తవ్యమును జ్ఞాపకము చేయును.

మన ఊళ్లలో వేసవి సేవ అనగానే స్ఫురించునది చలివేంద్రము. దాని ప్రారంభోత్సవ చిత్రములు ఏటేట ఏప్రిలులో పత్రికల నిండుగ వచ్చును. రోహిణి కార్తె వచ్చి, దారిన పోవువాని నాలుక పిడచకట్టుకొని పోవు వేళకు ఆ కుండలలో ఎన్నింట నీరుండునో దాహమైనవారి నడిగిన తెలియును. లోపము దాతృత్వమున లేదు. రెండవ దినము నుండి నీరు పోయవలసినవారి పేరు ఎచటను వ్రాయబడకపోవుటలో నున్నది. కనుక నాదొక మనవి. పందిరి గుంజకు దాత బొమ్మతో పాటు వంతుల పట్టికను కూడ కట్టుడు. రాలేనివారు బదులు మనిషిని తామే వెదకుకొనవలెనను షరతును దానిపై వ్రాయుడు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి కూడ మే నెలలో ఒక దినమునకు తన పేరు వ్రాసి, ఆనాడు బిందె మోయవలెను.