ఓడిన తల్లికి ఎందుకు మొక్కుతున్నాం?

సమ్మక్క కథ బడిలో చెబితే పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు. దేవత కదా, మరి ఎందుకు ఓడిపోయింది? చాలామంది టీచర్లు దాన్ని దాటేసి జాతర ముచ్చట్లోకి వెళ్లిపోతారు. ఆ కథ మీద వచ్చిన వ్యాసాలెన్నో చదివాం గానీ, ఇంత సూటి విమర్శ వాటిలో మాకు కనబడలేదు.

అన్నీ చేయగలిగి, అందరి మేలూ కోరే దేవుడు ఉంటే లోకంలో దుర్మార్గం ఎందుకుంది? పండితులు వందల ఏళ్లుగా దీనితోనే తలపట్టుకున్నారు. బైబిల్లో యోబు అడిగిందీ దాదాపు ఇదే. తెలుగు చదువుకున్నవాళ్లకు మొదట గుర్తొచ్చే జవాబు మాత్రం పోతన గజేంద్రమోక్షం. మొసలికి చిక్కిన ఏనుగు వెయ్యేళ్లు పెనుగులాడుతుంది, చివరికి మొరపెట్టుకుంటుంది, విష్ణువు పరుగున వస్తాడు. దేవుడు అసలు ఉన్నాడా అని ఏనుగు ఒక దశలో అనుమానపడుతుంది. భక్తుడై ఉండి ఆ అనుమానాన్ని దాచకపోవడం పోతన గొప్పతనమే. కానీ కథ చివర చూడండి. మొసలి నిజానికి హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం. ఏనుగు ఇంద్రద్యుమ్న మహారాజు, అగస్త్యుడి శాపం. చక్రం తగలగానే మొసలికీ విముక్తే. లెక్క తేలేసరికి తప్పు చేసినవాడే మిగలడు.

మేడారం కథలో అలా కాదు. కరువొచ్చింది. కప్పం కట్టలేమన్నాడు పగిడిద్దరాజు. కాకతీయుల సైన్యం అడవి మీదికొచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరులో ఒరిగారు. ఆ వార్త విని జంపన్న సంపెంగవాగులో దూకాడు, వాగుకు అతని పేరే మిగిలింది. సమ్మక్కను వెనక నుంచి బల్లెంతో పొడిచారు. నెత్తురుతోనే చిలకలగుట్ట ఎక్కి కనబడకుండా పోయింది. వెతికినవాళ్లకు దొరికింది కుంకుమ భరిణె. ఇందులో ఎవరికీ శాపం లేదు, పూర్వజన్మ లేదు. కరువులో కప్పం అడిగినవాడున్నాడు, ఇవ్వలేమన్నవాళ్లున్నారు.

ఈమధ్య పాటల్లో, భక్తి పుస్తకాల్లో సమ్మక్కను ఆదిపరాశక్తి అవతారంగా చెప్పడం ఎక్కువైంది. తల్లికి గౌరవం పెరిగిందని మనవాళ్లు కూడా సంతోషిస్తున్నారు. మాకు మాత్రం ఇక్కడే అభ్యంతరం. లోకాలను ఏలే శక్తి ఆమెకు ఉంటే, సారలమ్మ చావును ఆపగలిగి ఆపలేదన్నమాట. అదంతా లీల అంటారా, సైన్యాన్ని పంపిన రాజు ఆ లీలలో పాత్రధారి అయిపోతాడు, అతని నేరం మాయమవుతుంది. ఆ రాజుకు ఇంతకన్నా మంచి వకీలు దొరకడు! తర్వాత రాజు పశ్చాత్తాపపడి భక్తుడయ్యాడని, జాతర చేయించాడని కొన్ని పుస్తకాలు కథను ముగిస్తాయి. కప్పం మాఫీ చేశాడా అన్న మాట అడిగే పుస్తకం మాకు కనబడలేదు.

దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, చెడు మనిషి చేసుకున్నదే అని చర్చిలో చెప్పే జవాబు ఒకటుంది. శాపం కన్నా ఇది మెరుగే, నేరం మనిషి మీదే ఉంచుతుంది. కానీ స్వేచ్ఛ వాడుకున్నది రాజు, ఖరీదు కట్టింది కోయలు. ఈ తేడాకు ఆ జవాబులో చోటు లేదు. ఇక పోడు భూమి పోయినవాడితో ‘నీ కర్మ’ అనే పెద్దమనుషుల సంగతి చెప్పనక్కర్లేదు.

గోండుల పురాణం ఇంకో అడుగు ముందుకేస్తుంది. ప్రధానులు కీక్రి వాయిస్తూ చెప్పే ఆ కథల్ని హైమెండార్ఫ్ 1948లో పుస్తకంగా అచ్చువేశాడు. అందులో గోండు దేవతల్ని గుహలో వేసి మూసినవాడు వేరెవరో కాదు, శంభుడే. వాళ్ల తిండి, వాళ్ల తీరు ఆయనకు గిట్టలేదు. విడిపించడానికి పహండి కుపార్ లింగో రావలసి వచ్చింది. పెద్ద దేవుడే అన్యాయం చేయగలడని ఈ కథ ఏ బెరుకూ లేకుండా చెబుతుంది. కెరమెరి అడవుల్లో జంగుబాయి గుహకు దీపాలతో వెళ్లేవాళ్లకు ఇది నాస్తికత్వంలా అనిపించదు.

మరి తల్లికి శక్తి లేదంటారా అని అడగవచ్చు. అలా అంటే మా అమ్మమ్మలే ఊరుకోరు. బిడ్డల కోసం, రోగాల కోసం నిలువెత్తు బెల్లం తూచి మొక్కు చెల్లించేవాళ్లు శక్తి లేదని చెల్లించరు. శక్తి ఉంది, అయితే అది లోకమంతటినీ ఏలే శక్తి కాదు. మన వేల్పులకు ఒక గుట్ట ఉంటుంది, ఒక వాగు ఉంటుంది, పొలిమేర ఉంటుంది, చుట్టాలుంటారు. గద్దె మీదికి వచ్చేది వెదురూ భరిణే, విగ్రహం కాదు. అందుకే దుర్మార్గాన్ని ఎందుకు ఆపలేదని నిలదీయాల్సి వస్తే మన వేలు తల్లి వైపు పోదు, ఓరుగల్లు వైపు పోతుంది.

టీచర్లకు ఒక మనవి. మేం పైన చెప్పినది ఎక్కువగా అచ్చు పుస్తకాల్లో తిరిగే కథ. పడిగె విప్పి డోలీలు చెప్పే కథలో పేర్లు, చుట్టరికాలు అన్నిచోట్లా దీనితో కలవవు. పిల్లల్ని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. కప్పం సంగతి ఎలా చెబుతారో ముందు అది అడిగించండి.