వేడి దారి వెతికే విద్య

కొత్త రేడియేటర్ వేశారు. వాటర్ పంపు మార్చారు. థర్మోస్టాట్, పైపులు, క్లిప్పులు అన్నీ కొత్తవే. ఆదివారమంతా ఇంటి ముందు బానెట్ ఎత్తిపెట్టి చేసిన పని. తీరా సాయంత్రం బండి తీసి ఊరి చివరిదాకా వెళ్లేసరికి టెంపరేచర్ ముల్లు మళ్లీ ఎర్రగీత దగ్గరికి చేరింది. ఇలాంటి బండిని అనుభవమున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన పానా పట్టుకోకముందే ఒక మాట అడుగుతాడు: "ఏమేం విప్పారు సార్? విప్పకముందు కూడా ఇలాగే హీటెక్కేదా?"

విజయవాడ, గుంటూరు, విశాఖ, హైదరాబాద్ ఆటోనగర్లలో తరతరాలుగా చేతి నుంచి చేతికి అందుతూ వచ్చిన విద్య ఈ రెండు ప్రశ్నల్లో ఉంది. పదిహేనేళ్ల వయసులో హెల్పర్‌గా చేరి, మేస్త్రీ అడిగిన పానా అందిస్తూ, ఆయన చెయ్యి ఎక్కడెక్కడికి వెళ్తోందో చూస్తూ నేర్చుకున్న విద్య ఇది. ఆ విద్యకు మూడు సూత్రాలున్నాయి. చెయ్యి పెట్టిన చోటే ముందు వెతకాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ముందు చెయ్యాలి, ఖరీదైనది చివరికి ఉంచాలి. తప్పు ఫలానా చోట ఉందని తేలేదాకా ఇంకో సామాను కొనకూడదు. ఇంట్లో సొంతంగా బండి బాగుచేసుకునేవాళ్లు ఈరోజు ఎక్కువయ్యారు. వాళ్లకు సామాన్లు దొరుకుతున్నాయి, పనిముట్లు దొరుకుతున్నాయి. ఈ వరుస మాత్రం దొరకడం లేదు.

వేడి ఎటు పోవాలి?

ఇంజిన్‌లో కాలిన ఇంధనం ఇచ్చే శక్తిలో సుమారు మూడో వంతు బండిని నడుపుతుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని నీళ్లు మోసుకెళ్లాలి. హెడ్డు, బ్లాకుల్లోని దారుల్లో తిరిగి వేడెక్కిన నీళ్లు పై పైపు గుండా రేడియేటర్‌కు వెళ్తాయి. అక్కడ గాలికి చల్లారి, కింది పైపు గుండా పంపుకు తిరిగొస్తాయి. 1901 నాటి మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారుకు విల్‌హెల్మ్ మైబాఖ్ తేనెపట్టు రేడియేటర్ రూపొందించిన నాటి నుంచి ఈ ఏర్పాటు మూలసూత్రం మారలేదు. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో అత్యధిక భాగం అసలు పంపు లేకుండానే నడిచాయి. వేడి నీరు పైకి లేస్తుంది, చల్లటి నీరు కిందికి దిగుతుంది. ఆ కదలికే వాటికి సరిపోయింది.

కాబట్టి హీటెక్కే బండికి ఉండగల రోగాలు నాలుగే. నీళ్లు చాలకపోవడం, నీళ్లు తిరగకపోవడం, గాలి తగలకపోవడం, నీళ్లు మోయగలిగినదానికంటే ఎక్కువ వేడి పుట్టడం. మంచి మెకానిక్ ఏ భాగాన్ని చూసినా ఈ నాలుగింటిలో ఇది ఏ గుంపులోదని మనసులో అనుకుంటాడు. అలా అనుకోవడం వల్లే ఆయన చెయ్యి తడబడదు.

మొదటి అనుమానం ఎయిర్ లాక్

కూలింగ్ భాగాలు మార్చాక వచ్చే హీటుకు అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది లోపల చిక్కుకున్న గాలిని. నీళ్లన్నీ దించి మళ్లీ పోసినప్పుడు హెడ్డు పైభాగంలోనో, హీటర్ పైపుల్లోనో గాలి నిలిచిపోతుంది. పైకి చూస్తే రేడియేటర్ నిండే ఉంటుంది. లోపల మాత్రం హెడ్డులో నీళ్లుండవు, ఆవిరి ఉంటుంది. టెంపరేచర్ సెన్సర్ ఆ గాలిలో ఇరుక్కుంటే ముల్లు ఒక్కసారి పైకి ఎగురుతుంది, ఒక్కసారి పడిపోతుంది. ఇంజిన్ కాగిపోతున్నా మామూలుగానే చూపించే ప్రమాదం కూడా ఉంది. నింపినప్పుడు పట్టిన నీళ్లను కొలిచి, బండి పుస్తకంలో రాసిన లెక్కతో పోల్చి చూస్తే లోటు అక్కడే బయటపడుతుంది.

గాలి తీయడానికి ఓపిక కావాలి. బండి పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీయాలి. ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలపాలి. హీటర్ ఉన్న బండిలో దాన్ని పూర్తి వేడికి తిప్పాలి. గాలి తీసే స్క్రూ ఉంటే అది వదులు చేసి, బుడగలు ఆగి నీటిధార వచ్చేదాకా ఉంచి బిగించాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదలాలి. థర్మోస్టాట్ తెరుచుకోగానే నీటిమట్టం దిగుతుంది, బుడగలు వస్తాయి. చల్లగా ఉన్నప్పటి నుంచే పై పైపును చేత్తో నొక్కుతూ వదులుతూ ఉంటే గాలి త్వరగా బయటికి వస్తుంది. దిగినకొద్దీ కూలెంట్ పోసి, బుడగలు ఆగాక మూత బిగించాలి. మూత తీసి ఉన్నంతసేపూ ముఖం రేడియేటర్ మీదికి వంచకూడదు. మర్నాడు ఉదయం చల్లటి ఇంజిన్ మీద మట్టం మరోసారి చూడాలి. రేడియేటర్‌కు మూత లేని బండ్లలో ఈ పనంతా ఎక్స్‌పాన్షన్ ట్యాంకు దగ్గరే చెయ్యాలి.

చెయ్యి పెట్టిన ప్రతిచోటా

గాలి పోయినా హీటు తగ్గకపోతే, విప్పిన ప్రతి భాగాన్నీ మళ్లీ చూడాలి.

థర్మోస్టాట్ తిరగబడి ఉందేమో మొదట చూడాలి. దాని లోపలి మైనం వేడికి కరిగి ఉబ్బి, వాల్వును తెరుస్తుంది. చాలా కార్లలో 82 లేదా 88 డిగ్రీల దగ్గర ఈ పని మొదలవుతుంది. మైనం గొట్టం, స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజిన్‌లోని వేడి నీళ్లలో ఉండాలి. అంచున ఊగే చిన్న పిన్ను ఉంటే, బండి పుస్తకం వేరే చెప్పకపోతే, అది పైకి రావాలి; చిక్కుకున్న గాలి దాని పక్కనుంచే తప్పించుకుంటుంది. కొత్తది కదా అని నమ్మకుండా బిగించకముందే పరీక్షించడం మేస్త్రీల అలవాటు. గిన్నెలో నీళ్లు కాచి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెడితే ఎన్ని డిగ్రీలకు తెరుచుకుంటుందో కంటికి కనిపిస్తుంది.

తర్వాత పంపు. ఒకే ఇంజిన్ రకరకాల మోడళ్లలో వచ్చినప్పుడు పంపు రెక్కలు తిరిగే దిశ మారవచ్చు. బెల్టు దారి తప్పించి వేసినా పంపు వెనక్కి తిరుగుతుంది. పంపును టైమింగ్ బెల్టు తిప్పే ఇంజిన్లలో ఇంకో చిక్కు ఉంది. పంపు మార్చేటప్పుడు టైమింగ్ ఒక పన్ను పక్కకు జరిగితే ఇంజిన్ బలం తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. కూలింగ్ ఎంత బాగున్నా హీటెక్కుతుంది. ప్యాకింగ్ దగ్గర అతిగా పూసిన సీలెంట్ లోపలికి ఊడిపడి సన్నటి దారులను మూసేస్తుంది.

కింది పైపు పంపు పీల్చే వైపున ఉంటుంది. మెత్తటి రకం పైపు వేసినా, పాత పైపులో ఉన్న స్ప్రింగును కొత్తదాంట్లోకి మార్చడం మరిచినా, రేస్ ఇచ్చినప్పుడు అది లోపలికి అణిగిపోతుంది. ఐడిల్‌లో చూస్తే ఏ తేడా కనిపించదు. పక్కన ఒకరు రేస్ ఇస్తుండగా చూస్తేనే దొరుకుతుంది.

రేడియేటర్ మూతను చిన్న సామాను అనుకోకూడదు. మామూలు ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. మూత దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలిపితే మరిగే స్థానం 120 డిగ్రీల దాకా పెరుగుతుంది. స్ప్రింగు బలహీనపడిన మూత వేస్తే, మరగకూడని వేడికే నీళ్లు మరిగి పొంగిపోతాయి. మూత మీద రాసిన అంకె బండి పుస్తకంలోని అంకెతో కలవాలి.

చివరగా ఫ్యాన్. అంబాసిడర్‌లో ఫ్యాన్ బెల్టుతో తిరిగేది. బెల్టు బిగువు చూస్తే సగం పని అయిపోయేది. మారుతి 800తో కరెంటు ఫ్యాన్ మన వీధుల్లోకి వచ్చాక మెకానిక్కులు ఫ్యూజు, రిలే, సెన్సర్ చూడటం నేర్చుకున్నారు. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే మోటారు బాగున్నట్టే, సెన్సర్ వైపు చూడాలి. ఫ్యాన్ ముందు కాగితం పట్టుకుంటే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. రేడియేటర్ వెనకున్న ఫ్యాన్ గాలిని ఇంజిన్ వైపు లాగాలి. వైర్లు తారుమారైతే గాలి ఎదురు కొడుతుంది. బండి నడుస్తుంటే ఎదురుగాలితో పోట్లాడుతుంది. రేడియేటర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, స్పాంజి పట్టీలు "ఎందుకులే" అని పక్కన పడేస్తే గాలి రేడియేటర్‌లోంచి వెళ్లకుండా పక్క సందుల్లోంచి జారుకుంటుంది.

ఎప్పుడు హీటెక్కుతోంది?

ఈ ప్రశ్నకు వచ్చే జవాబు సగం పని తగ్గిస్తుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు హీటెక్కి, రోడ్డెక్కగానే తగ్గితే తప్పు ఫ్యాన్‌దీ, గాలిదీ. ఊళ్లో బాగానే ఉండి, హైవే మీదో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో హీటెక్కితే నీళ్లు చాలినంత తిరగడం లేదని అనుమానించాలి: మూసుకుపోయిన రేడియేటర్, అణిగిపోయే కింది పైపు, జారే బెల్టు. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు ఎగిరితే థర్మోస్టాట్, ఎయిర్ లాక్, హెడ్డు ప్యాకింగ్ చూడాలి.

దీనికి తోడు చేతి పరీక్ష. థర్మోస్టాట్ పైన ఉండే ఇంజిన్లలో ముల్లు ఎర్రగీతకు చేరినా పై పైపు చల్లగానే ఉంటే వేడి నీళ్లు ఇంజిన్ దాటి రావడం లేదని అర్థం. రేడియేటర్ పలక ఒకచోట కాగుతూ ఇంకోచోట చల్లగా ఉంటే లోపలి గొట్టాలు మూసుకుపోయాయి. ఇప్పుడు తాకకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు దొరుకుతున్నాయి. చేతి బదులు అది వాడటమే మేలు. ఇంజిన్ ఆపేసినా కరెంటు ఫ్యాన్ హఠాత్తుగా తిరగగలదు కనుక వేళ్లు దాని దగ్గరికి పోనివ్వకూడదు.

హెడ్డు ప్యాకింగ్ సంగతి

ఇవన్నీ సరిగ్గా ఉండీ హీటు ఆగకపోతే, మెకానిక్ అడిగిన రెండో ప్రశ్నకు వెళ్లాలి: విప్పకముందు కూడా హీటెక్కేదా? ఎక్కేదంటే, మనం మార్చిన భాగాలు రోగానికి మూలం కాకపోవచ్చు. పాత హీటే హెడ్డు ప్యాకింగ్‌ను కాల్చి ఉండవచ్చు. అల్యూమినియం వేడికి ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. అందుకే ఇనుప బ్లాకు మీద కూర్చున్న అల్యూమినియం హెడ్డు ఒక్కసారి గట్టిగా హీటెక్కినా వంగిపోగలదు.

దీనికి గుర్తులున్నాయి. గాలి తీయడం పూర్తయినా రేడియేటర్‌లో బుడగలు ఆగవు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే పైపులు రాయిలా గట్టిపడతాయి. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంది. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ వదలకుండా వస్తుంది. ఆయిల్ మూత అడుగున తెల్లటి మీగడ పేరుకుంటుంది. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. పెట్రోలు బండికైతే రేడియేటర్‌లోని గాలిని నీలి ద్రావకంలోకి పంపే పరీక్ష ఉంది. సిలిండర్ల నుంచి కార్బన్ డయాక్సైడ్ లీకవుతుంటే ద్రావకం పసుపు రంగుకు మారుతుంది. రుజువైతే పని ఇంటి ముంగిట ఆగిపోవాలి. హెడ్డు దించి, పలక సమంగా ఉందో లేదో కొలిచి, లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి.

వదిలేయాల్సిన అలవాట్లు

ఈ సంప్రదాయాన్ని ఎంత గౌరవించినా, దాంట్లోకి చేరిన కొన్ని అడ్డదారులను సమర్థించలేం. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు సార్" అని దాన్ని తీసి పారేయడం మొదటిది. థర్మోస్టాట్ లేని ఇంజిన్ ఉండాల్సిన వేడికి చేరదు, ఇంధనం ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. థర్మోస్టాటే బైపాస్ దారిని మూయాల్సిన ఇంజిన్లలోనైతే, నీళ్లు రేడియేటర్‌కు వెళ్లకుండా అడ్డదారిన తిరిగి హీటు ఇంకా పెరుగుతుంది. ఫ్యాన్‌ను స్విచ్చుకు డైరెక్ట్ చేయడం రెండోది. అది రోగాన్ని దాస్తుంది. దారిలో ఇబ్బంది పడ్డప్పుడు ఊరు చేరడానికి పనికొస్తుందేమోగాని, దాన్నే మరమ్మతు అనుకోకూడదు.

మూడోది బోరు నీళ్లు. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు మరిగినకొద్దీ గొట్టాల్లో గార కడుతుంది. కొత్త రేడియేటర్ కూడా కొన్నాళ్లకే పాతదైపోతుంది. బండి పుస్తకం చెప్పిన కూలెంట్‌నే, కలపాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి వాడాలి. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపకూడదు. కూలెంట్ రసాయనాన్ని రంగు చెప్పదు.

ఈ విద్య విలువ

కంప్యూటర్ పెట్టి కోడ్ చదివే రోజుల్లో ఈ పాత వరుస ఎందుకని కొందరు అడుగుతారు. హీటెక్కిందని, ఫ్యాన్ సర్క్యూట్‌లో లోపముందని కంప్యూటర్ చెప్పగలదు. థర్మోస్టాట్ తిరగబడిందని, మూత బలహీనమైందని, స్పాంజి పట్టీ వెయ్యలేదని చెప్పలేదు. అవి చూసే కన్ను, వరుస తప్పని ఓపిక నేర్చుకుంటేనే వస్తాయి. ఆ వరుస తెలియని చోట అవసరం లేని సామాన్లకు డబ్బు పోతుంది, బాగున్న భాగాలు చెత్తకు పోతాయి. తెలిసిన చోట కొన్నిసార్లు ఒక మూత మార్చడంతోనే పని పూర్తవుతుంది.

సొంతంగా బండి బాగుచేసుకునేవాళ్లకు నా మనవి ఇది. విప్పకముందు ఫొటో తీసుకోండి. తీసిన ప్రతి భాగాన్నీ, పోసిన కూలెంట్ లెక్కనూ కాగితం మీద రాయండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎంత తొందరలోనూ తీయకండి; ఒత్తిడి పోగానే నీళ్లు భగ్గున ఆవిరై ముఖాన్ని, చేతుల్ని కాల్చేస్తాయి. దారిలో ముల్లు ఎర్రగీత తాకితే ఏసీ ఆపి, బండిని పక్కకు తీసి ఆపేయండి. కాగుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు పోయకండి. మీ ఊళ్లో నలభై ఏళ్లుగా బండ్లు విప్పుతున్న మేస్త్రీ ఉంటే, మీ కాగితం తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లండి. ఆయన ఏ వరుసలో చూస్తున్నాడో గమనించి రాసుకోండి. ఇన్నాళ్లూ చేతుల్లోనే ఉన్న ఆ విద్య అక్షరాల్లోకి రావాలి. అది మనం చేయగలిగిన పని, చేయాల్సిన పని.