రచ్చబండ లేని విజ్ఞాన సర్వస్వం

ఎలాన్ మస్క్ కంపెనీ ఎక్స్‌ఏఐ 2025 అక్టోబరు 27న గ్రోకిపీడియా తెచ్చింది. ఇంగ్లిష్‌లో, 8,85,000 పైచిలుకు వ్యాసాలతో. ఓ రాత్రంతా కూర్చుని చదివాను. వాక్యం నున్నగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. నా ఇబ్బంది అక్కడే మొదలైంది.

కొన్ని వ్యాసాల అడుగున, ఇది వికీపీడియా నుంచి తీసుకున్నదని చిన్న అక్షరాల్లో ఉంది. లైసెన్సు ప్రకారం తప్పేం కాదు. కానీ వ్యాసం వచ్చింది, దాని వెనకున్న గొడవ రాలేదు.

రోజూ కోడ్ రాసేవాణ్ని. ఏ లైను ఎవరు, ఎందుకు మార్చారో తెలీకపోతే ముట్టుకోవడానికే భయం నాకు. వికీలో ‘చరిత్ర’ నొక్కితే అదంతా కనబడుతుంది. తెలుగు వికీలో సభ్యులు వాదించుకునే చోటు పేరు రచ్చబండ. చిన్న వ్యాసాన్ని మొలక అంటారు (ఇంకా పెరగాలని పేరులోనే ఒప్పుకోవడం!). గ్రోకిపీడియాలో నేను చదివినవన్నీ ఏపుగా పెరిగే పుట్టాయి. తప్పుంటే చెప్పొచ్చు, నిజమే. మార్చాలో వద్దో తేల్చేది మాత్రం గ్రోకే. రాసినవాడే తీర్పరి.

అలాగని తెలుగు వికీ గొప్పగా ఉందనను. చాలా ఊళ్ళ పేజీలు జనాభా లెక్కలు దాటి కదలవు. మా ఊరి పేజీ అంతే. చెరువు గురించి నాలుగు లైన్లు చేరిస్తే, “మూలం ఏదీ?” అంటూ ఎవరో తీసేశారు. ఒళ్ళు మండింది. రెండు నెలలు వెతికితే పాత జిల్లా గెజిటీరులో దొరికింది. చెరువు తవ్వించింది నేను రాసిన జమీందారు కాదట.