పలుచని ఫోను: గట్టిదనము, మన్నిక

ఉదయము వేళ గుండ్లపోచంపల్లి రైలు స్టేషనులో బండి కొరకు నిలబడిన వారిని గమనించినచో, సెల్‌ఫోను నిత్యజీవితమున ఎన్ని బాధలకు ఓర్చుకొనవలెనో తెలియును. ఒకరు వెనుక జేబులో ఫోను ఉంచుకొనియే బల్లపై కూర్చుందురు. మరియొకరు టిఫిను డబ్బాతో పాటు దానిని సంచిలో కుక్కుదురు. ఇంకొకరు మోటారు సైకిలు హ్యాండిలుకు బిగించి గతుకుల బాటమీద, మండుటెండలో తెచ్చియుందురు. 2016లో యు.పి.ఐ. చెల్లింపులు వచ్చిన పిమ్మట ఆ ఫోనే డబ్బు సంచి కూడ అయినది. అది చెడిన దినమున టీ కొట్టు నుండి బస్సు టిక్కెట్టు వరకు అన్నియు చిక్కులే. కావున ఫోను ఎంత కాలము నిలుచునన్న ప్రశ్న సామాన్యునికి వినోదపు ప్రశ్న కాదు, బ్రతుకుతెరువు ప్రశ్న.

ఇట్టి స్థితిలో 2025 మే నెలలో సామ్‌సంగ్ సంస్థ 5.8 మిల్లీమీటర్ల మందము గల గెలాక్సీ ఎస్25 ఎడ్జ్‌ను, సెప్టెంబరులో ఆపిల్ సంస్థ సుమారు 5.6 మిల్లీమీటర్ల ఐఫోన్ ఎయిర్‌ను వెలువరించినవి. వెలువడిన నాడు రెండింటి వెలయు మన దేశమున లక్ష రూపాయలకు పైమాటే. ఇవి నిత్యవాడుకకు ఆగునా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు తెలుగులోని రెండు మాటలను వేరు చేసికొనవలెను. గుండ్లపోచంపల్లి అపారెల్ పార్కులో బట్టలు కుట్టువారికి ఈ భేదము బాగుగా తెలియును. లాగినపుడు చినగని గుడ్డ గట్టిది. ఏండ్ల తరబడి ఉతికి కట్టినను చెడని గుడ్డ మన్నికైనది. గట్టిదనము ఒక్క క్షణపు పరీక్ష; మన్నిక కాలపు పరీక్ష. పలుచని ఫోనులను గూర్చిన ప్రకటనలన్నియు మొదటి పరీక్షను మాత్రమే చూపి, రెండవదానిలో కూడ ఉత్తీర్ణమైనట్లు మనలను నమ్మించుచున్నవి.

మొదట గట్టిదనమును విచారింతము. చెక్క స్కేలును వెడల్పుగా పట్టుకొని వంచినచో తేలికగా వంగును. అంచు మీద నిలిపి వంచబోయినచో వంగనే వంగదు. వంగు దిశలోని మందమే ఇందుకు కారణము. ఒకే పదార్థముతో చేసిన పలకలలో వంపును ఎదిరించు బిరుసు, మందము యొక్క ఘనమును బట్టి మారును. 8 మిల్లీమీటర్ల పలకను 5.6 మిల్లీమీటర్లకు తగ్గించినచో మందము మూడు పాళ్ళు మాత్రమే తగ్గి ఏడు పాళ్ళు మిగులును. కాని బిరుసు దాదాపు మూడవ వంతునకు పడిపోవును. ఫోను లోపల బోలుగా ఉండును గనుక ఈ లెక్క దానికి ఉన్నదున్నట్లు వర్తింపదు. అయినను ప్రమాదము ఏ వైపున ఉన్నదో చెప్పుటకు ఇది చాలును.

ఇందుకు అనుభవము కూడ సాక్షి. 2014లో వచ్చిన ఐఫోన్ 6 ప్లస్ మందము 7.1 మిల్లీమీటర్లు. అది జేబులో వంగుచున్నదని ప్రపంచమంతట గగ్గోలు పుట్టగా, మొదటి ఆరు రోజులలో తొమ్మిది ఫిర్యాదులే వచ్చినవని సంస్థ బదులు చెప్పినది. 2018లో అమెరికా న్యాయస్థానమున బయటపడిన పత్రముల వలన, ఆ ఫోను అంతకు ముందటి 5ఎస్ కంటె 7.2 రెట్లు ఎక్కువగా వంగు అవకాశము గలదని సంస్థ తన సొంత పరీక్షలలోనే తెలిసికొన్నట్లు లోకమునకు తెలిసినది. వంగి విరిగిన ఫోనుల కథ ఇంతటితో ముగియలేదు. కంటికి వంపు కనబడని ఫోనులలో కూడ, పలుమార్లు కొద్దికొద్దిగా వంగుట వలన తెరస్పర్శను నడపు చిప్పు యొక్క అతుకులు వదలి, కొంత కాలమునకు తెర పనిచేయుట మానివేసినది. గట్టిదనపు లోపము కాలక్రమమున మన్నిక లోపముగా బయటపడుట యనగా ఇదియే.

ఆ పాఠమును తయారీదారులు నేర్చుకొనలేదనుట న్యాయము కాదు. నేటి పలుచని ఫోనులకు టైటానియము చట్రము వాడిరి. ఆనాటి అల్యూమినియము మిశ్రలోహము కంటె ఈ టైటానియము మిశ్రలోహము శాశ్వతముగా వంగిపోకుండ సుమారు మూడింతల ఒత్తిడిని భరించును. ఐఫోన్ ఎయిర్‌లో ముఖ్యమైన సర్క్యూట్ పలకను కెమెరా వద్దనున్న ఉబ్బెత్తు భాగమున అమర్చిరి. స్వతంత్రముగా జరిపిన ఒక పరీక్షలో దాని నడుమ సుమారు 98 కిలోగ్రాముల బరువు పడిన పిమ్మట గాని అద్దము పగులలేదు. కావున జేబులో వంగునన్న భయము చాల వరకు తీరినదనియే చెప్పవలెను.

మన్నిక మాట వేరు. సామ్‌సంగ్ వారి రెండు ఫోనులనే పోల్చి చూడుడు. ఎస్25 ప్లస్, ఎస్25 ఎడ్జ్ రెండింటికిని 6.7 అంగుళముల తెరయే. మొదటిది 7.3 మిల్లీమీటర్ల మందము, 4900 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ, రెండవది 5.8 మిల్లీమీటర్లు, 3900. ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గించుటకు బ్యాటరీలో అయిదవ వంతు బలి అయినది. దినమునకు 3900 వాడు మనిషికి చిన్న బ్యాటరీ ప్రతి దినము ఒక పూర్తి ఆవర్తనము తిరుగును. పెద్దది సుమారు 0.8 ఆవర్తనము మాత్రమే. రెండు బ్యాటరీలును 800 ఆవర్తనములు ఆగునని అనుకొన్నచో చిన్నది 800 రోజులలో ఆ హద్దు చేరును, పెద్దది సుమారు 1000 రోజులు తీసికొనును. సన్నదనమునకు చెల్లించు అసలు వెల ఈ 200 రోజులు. అది ఏ దుకాణపు బిల్లులోను కనబడదు.

ఎండను కూడ లెక్కింపవలెను. లిథియము బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదగును. ఆపిల్ సంస్థయే తన ఫోనులను 0 నుండి 35 డిగ్రీల సెల్సియస్ పరిసరములలో వాడుమని చెప్పుచున్నది. మే నెలలో మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమున ఉష్ణోగ్రత 40 దాటుట వింత కాదు. ఈ బాధ మందపు ఫోనులకును కలదు. అయితే తరచుగా ఛార్జి చేయవలసిన చిన్న బ్యాటరీకి ఆ వేడి మరింత తరచుగా తగులును. ఇక ఫోను క్రింద పడినచో పగులునన్న భయముతో కొన్ననాడే దానికి రబ్బరు తొడుగు వేయుదురు. ఆ తొడుగుతో తగ్గిన మందము తిరిగి వచ్చును. తగ్గిన బ్యాటరీ మాత్రము తిరిగి రాదు.

మన్నికను కొలుచు ప్రమాణములు లేకపోలేదు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము, మడతపడని ఫోను 45 మారులు పడినను పని చెడరాదు. 800 ఆవర్తనముల పిమ్మట బ్యాటరీ శక్తి 80 శాతమునకు తగ్గరాదు. అమ్మకము ఆగిన తరువాత కూడ ఏడేండ్లు విడిభాగములు దొరకవలెను. మన దేశమున మరమ్మతు హక్కును పరిశీలించుటకు 2022లో ఒక సంఘము ఏర్పడినది. ఫోనులకు మరమ్మతు సూచిక నీయవలెనని మరియొక సంఘము 2025 మే నెలలో ప్రభుత్వమునకు నివేదిక సమర్పించినది.

కావున పలుచని ఫోను కొనదలచిన వారు దుకాణమున దానిని వంచి చూపుమని అడుగ నక్కరలేదు. బ్యాటరీ ఎన్ని ఆవర్తనములు ఆగును, దానిని మార్చుటకు ఎంత అగును, విడిభాగములు ఎన్ని ఏండ్లు దొరకును అని అడుగవలెను. ఈ మూడింటికి సూటిగా సమాధానము రానిచో ఆ ఫోను గట్టిదే కావచ్చును, మన్నికైనదని మాత్రము నమ్మరాదు.