రెండు తలుపుల బండికి రేటు పెరిగిందా?

డల్లాస్‌లో ఉంటున్న మేనల్లుడు ఈ వారం ఫోన్‌కి ఒక ఫొటో పంపి, కింద ఒకే ముక్క రాశాడు: "మామయ్యా, బంగారం కంటే ఇదే నయం." ఫొటోలో ఉన్నది 1992 నాటి లెక్సస్ ఎస్‌సీ 400 కూపే. పన్నెండు వేల డాలర్లకు బేరం తెగేలా ఉందట. నాలుగేళ్లు గరాజులో పెట్టుకుంటే రెట్టింపు పలుకుతుందట.

కారు ఆస్తి కాదు, ఖర్చు అని ఏళ్ల తరబడి ఊదరగొడుతున్న ఈ కాలమిస్టుకు అది చదివి ఒళ్లు మండింది. పాత పాఠకులకు ఈ పాట కొత్త కాదు. ఫ్యాన్సీ నంబరు కోసం వేలంలో లక్షలు పోసేవాళ్ల మీద, సీట్లకున్న ప్లాస్టిక్ కవర్లు ఏడాదైనా పీకనివాళ్ల మీద అతను ఇదివరకే కసి తీర్చుకున్నాడు. ఇప్పుడు మేనల్లుడి వంతు వచ్చిందనుకుని లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు.

లెక్కలు మొదట్లో కుర్రాడి వైపే మొగ్గాయి. బీఎండబ్ల్యూ 8 సిరీస్ సంగతే చూడండి. 1989లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో తెర తీసినప్పుడు అది ఆ కంపెనీకి గర్వకారణం. పన్నెండు సిలిండర్ల ఇంజను, బానెట్‌లోంచి పైకి లేచే హెడ్‌లైట్లు, అద్దాలు నాలుగూ దించేస్తే మధ్యలో స్తంభమే కనిపించని పక్కభాగం. అమెరికాలో కొత్తది డెబ్బై వేల డాలర్లు దాటిన ఆ బండి, పదిహేనేళ్లు తిరిగేసరికి పది వేల దరిదాపులకు దిగింది. తీసుకెళ్లి షెడ్డులో పెడితే కొన్న ధర కంటే రిపేరు బిల్లు ఎక్కువ వస్తుందని జనం జంకేవారు. అదే కుటుంబంలో పుట్టిన 850 సీఎస్ఐకి ఇప్పుడు వేలంలో లక్ష డాలర్లు దాటుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద ఆ రకం తయారైంది 1,510 మాత్రమే. గేర్లు చేత్తో వేసుకోవాల్సిందే, ఆటోమేటిక్ లేదు. అప్పట్లో లోపమనిపించిన ఆ సంగతే ఇప్పుడు దాని రేటు పెంచుతోంది.

మెర్సిడెస్ 560 ఎస్‌ఈసీ కూడా అడుగు నుంచి పైకి లేచింది. ఆ కంపెనీ డిజైన్ అధిపతి బ్రూనో సాకో హయాంలో గీసిన కూపే అది. ఎక్కి తలుపు వేసుకుంటే వెనక నుంచి ఒక చిన్న చెయ్యి ముందుకు వచ్చి సీటు బెల్టు అందిస్తుంది. పెళ్లివారింట్లో తాంబూలం అందించినంత మర్యాదగా. ఎనభైల్లో గోడ మీద ఆ బండి పోస్టరు అంటించుకున్న కుర్రాళ్లకు ఇప్పుడు యాభై దాటాయి, చేతిలో డబ్బుంది. కొనేవాళ్లు ఎక్కువగా వాళ్లే.

కోవిడ్ రోజుల్లో చిప్‌ల కొరతతో కొత్త బండ్లు దొరక్క, 2022 జనవరి నాటికి అమెరికాలో పాత కార్ల ధరలు ఏడాదిలో నలభై శాతం పెరిగాయి. అదే ఏడాది మే నెలలో స్టట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియంలో 1955 నాటి 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హౌట్ కూపేను 13.5 కోట్ల యూరోలకు అమ్మారు. అంతకు మించిన ధరకు ఏ కారూ అమ్ముడవలేదు. చేసినవే రెండు. ఆ వార్త చదివి, తమ గరాజులో దుమ్ము కొట్టుకుపోతున్న రెండు తలుపుల బండిని బయటికి తీసి తుడిచినవాళ్లు కొందరైనా ఉండే ఉంటారు.

పైగా కొత్తవి రావడం తగ్గింది. మెర్సిడెస్ ఎస్-క్లాస్ కూపే ఆగిపోయింది. 2023లో ఆడి టీటీకి తెర పడింది. జనమంతా ఎత్తయిన ఎస్‌యూవీల మీద పడ్డారు. తక్కువైనదానికి గిరాకీ పెరగడం సహజం.

మరి అన్నీ పెరిగాయా? 1999లో వచ్చిన మెర్సిడెస్ సీఎల్‌ను పది వేల డాలర్ల లోపు ఇస్తామన్నా ఆలోచించేవాళ్లే ఎక్కువ. మలుపుల్లో ఒరగకుండా బండిని నిలబెట్టే దాని సస్పెన్షన్ నడిచేది స్ప్రింగుల మీద మాత్రమే కాదు, దాదాపు 200 బార్ ఒత్తిడితో పరుగెత్తే నూనె మీద. ఒక గొట్టం కారినా చాలు, బండి ఒక పక్కకు కూలబడుతుంది. 2003లో ఇంగ్లండ్‌లోని క్రూలో మొదలైన బెంట్లీ కాంటినెంటల్ జీటీది అదే కథ. కొత్తలో లక్షన్నర డాలర్లు పెట్టి కొన్న తొలి బండ్లకు ఇప్పుడు అందులో నాలుగో వంతు కూడా పలకదు. పన్నెండు సిలిండర్లు, రెండు టర్బోలు ఆ బానెట్ కింద ఎంత ఇరుక్కుని ఉంటాయంటే, మెకానిక్ వేలు దూర్చడానికి సందు ఉండదు. చాలా పనులకు ఇంజనునే కిందికి దించాలి.

మెకానిక్ వేలు అనగానే కాలమిస్టు మనసు కాకినాడకు పోయింది. అరవైల్లో వాళ్ల వీధి చివర ఒక డాక్టరుగారికి స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన బండి అది. ఇటలీకి చెందిన మికెలొట్టి గీశాడు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్స్ 1961 నుంచి ఇక్కడే తయారు చేసింది. డాక్టరుగారిది మొదటి రకం, రెండు తలుపులది. కూపే అనే మాట ఆ వీధిలో ఎవరికీ తెలియదు. "డాక్టరుగారి చిన్న కారు" అనేవారు.

దాని అందమంతా బానెట్‌లో ఉంది. మిగతా కార్లలా మూత ఒక్కటే లేవదు. రెండు వైపులా కొక్కేలు తీసి లాగితే మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా బండి ముందుభాగం మొత్తం ముందుకు వాలిపోతుంది. ఇంజను, చక్రాలు, స్టీరింగు రాడ్లు అన్నీ బయట పడతాయి. జగన్నాథపురం వంతెన దగ్గర షెడ్డులో మేస్త్రీ అలా తెరిచి, ముందు టైరు మీద పీట వేసుకున్నట్టు కూర్చుని, బీడీ ముట్టించుకుని పని చేసేవాడు. పానా అడిగితే అందించడానికి రెండో టైరు మీద కుర్రాడు. ఎండాకాలం మధ్యాహ్నం పెట్రోలు పంపు వేడెక్కి బండి మొరాయిస్తే తడిగుడ్డ చుట్టేవాడు. పది నిమిషాల్లో కదిలేది. చూడటానికి చేరిన పిల్లలకు కార్బొరేటరేదో, డైనమో ఏదో బడికి వెళ్లకుండానే తెలిసిపోయింది.

ఇబ్బందల్లా వెనక సీటు. డాక్టరుగారి తల్లి గుడికి వెళ్లాలంటే ముందు సీటు వంచి, ఆవిడ చీర కుచ్చెళ్లు సర్దుకుని, తల వంచుకుని దూరాలి. "ఇదేం కారురా, దొంగలా దూరాల్సొస్తోంది" అని ప్రతి శనివారం విసుక్కునేది. ఆమె గోడు మద్రాసు దాకా వినిపించిందో ఏమో, అరవైల చివర్లో స్టాండర్డ్ వాళ్లు ఆ బండికి నాలుగు తలుపులు పెట్టారు. పుట్టింట్లో, అంటే ఇంగ్లండ్‌లో, హెరాల్డ్‌కు నాలుగు తలుపులు ఎప్పుడూ లేవు. ఇంటిల్లిపాదీ ఒకే బండిలో ఎక్కే దేశంలో మాత్రం తప్పలేదు. మన ఊళ్లలో కూపేలు కనిపించకపోవడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు.

ఆ బానెట్‌ను తలుచుకున్నాక మేనల్లుడు పంపిన ఫొటోను కాలమిస్టు మళ్లీ చూశాడు. ఎస్‌సీ 400ది వేరే జాతి. గీసింది జపాన్‌లో కాదు, కాలిఫోర్నియాలో టయోటాకున్న కాల్టీ స్టూడియోలో. కాగితం మీద గీతలతో మొదలెట్టకుండా బెలూన్లలో ప్లాస్టర్ పోసి, అటూ ఇటూ నొక్కి ఆకారాన్ని వెతికారు. అందుకే ఆ ఒంటి మీద పదునైన అంచు ఒక్కటీ లేదు. పొడవాటి తలుపులు ఇరుకు పార్కింగులో పక్క బండిని తగలకుండా ముందుకు జరిగి తెరుచుకునేలా కీళ్లు ప్రత్యేకంగా చేశారు. ఇంజను మాత్రం ఎల్‌ఎస్ 400 సెడాన్‌లో ఉన్న నాలుగు లీటర్ల వీ8. లక్షల మైళ్లు కిమ్మనకుండా తిరిగిన రకం. దాని తమ్ముడు ఎస్‌సీ 300లో ఉన్నది టర్బో లేని 2జేజెడ్. కుర్రకారు దేవుడిలా కొలిచే టయోటా సుప్రా ఇంజనుకు సొంత అన్నదమ్ముడు.

ఆ చుట్టరికమే దానికి చేటు, మేలు కూడా. సుప్రా కొనలేని కుర్రాళ్లు చవగ్గా దొరికిన ఎస్‌సీలను కొని, కోసి, టర్బోలు బిగించి, డ్రిఫ్టింగులో టైర్లు కాల్చి తుక్కు చేశారు. కంపెనీ నుంచి వచ్చినట్టే మిగిలినవి తక్కువ. అందులోనూ ఎస్‌సీ 300 మాన్యువల్ గేరు బండి మచ్చ లేకుండా దొరికితే కొనేవాళ్లు ఎగబడుతున్నారు. ఆటోమేటిక్ 400 వాటి వెనకాల నెమ్మదిగా నడుస్తోంది.

ఇక్కడి దాకా వచ్చాక కాలమిస్టుకు ఒక సంగతి తట్టింది. రేటు పెరుగుతున్నది విలాసానికి కాదు. ఏ బండిలో విలాసం తక్కువ చెడిపోతుందో, చెడినా బాగుచేసే వీలుందో, దానికే పెరుగుతోంది. నూనె ఒత్తిడి మీద నిలబడే సీఎల్ పడిపోయింది. ఇంజను మొండిదైన లెక్సస్ నిలబడింది. 850 సీఎస్ఐ లాంటి అరుదైనవాటి సంగతి వేరు, వాటిని కొనేవాళ్లు బిల్లు చూసి భయపడే రకం కాదు.

అయినా "బంగారం" అన్న మాటను వదలబుద్ధి కాలేదు. 1992లో ఎస్‌సీ 400 కొత్తది దాదాపు 38 వేల డాలర్లు. ఇప్పటి డాలర్లలో ఎనభై వేల పైమాటే. పన్నెండు వేలున్నది పదిహేను వేలయితే పెరిగినట్టే, కానీ అది గోతిలోంచి ఒక మెట్టు ఎక్కడం. నాలుగేళ్ల బీమా, గరాజు, టైర్లు, బెల్టులు కలిపితే ఆ మూడు వేలు ఎటు పోయాయో కనిపించదు. ఇక్కడికి తెచ్చి అమ్ముకుందామా అంటే, మూడేళ్లు దాటిన, స్టీరింగు ఎడమ వైపున్న మామూలు పాత కారును మన దిగుమతి నిబంధనలు రానివ్వవు.

కొనొద్దని రాయబోయాడు. రాసే ముందు, కుర్రాడు ఈ బండి వద్దనుకుంటే ఏం కొంటాడని అడిగాడు. అరవై వేల డాలర్ల కొత్త ఎస్‌యూవీ అట. కొత్త లగ్జరీ బండి అయిదేళ్లలో సగం ధర పోగొట్టుకోవడం అక్కడ మామూలే. అంటే ముప్పై వేలు, నెలకు అయిదు వందలు, పెట్రోలు పోయక ముందే. పాత లెక్సస్‌కు పడిపోవాల్సింది ఎప్పుడో పడిపోయింది. నెలకు మూడు వందలు రిపేర్లకు పోసినా మిగులే. కారు ఖర్చు అన్న సిద్ధాంతం చెక్కుచెదరలేదు గానీ, రెండు ఖర్చుల్లో చిన్నది ముప్పై ఏళ్ల కూపేదే అయి కూర్చుంది.

అందుకని కొనమన్నాడు, అమ్మే ఆలోచన మాత్రం మానుకోమన్నాడు. చూడబోయేటప్పుడు ఇంజను ముందే వేడి చేసి ఉంచొద్దని అమ్మేవాడికి చెప్పమన్నాడు. చీకట్లో స్పీడు మీటరు ముల్లు వెలుగుతోందో లేదో, ఏసీ తెర మీద నల్ల మరక పాకిందో లేదో చూసుకోమన్నాడు. ఈ బండ్లకు వయసుతో వచ్చే జబ్బులు అవి. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే లెక్కగట్టి ధర తగ్గించి అడగమన్నాడు. వెనక సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి పది మైళ్లు తిప్పి, వాళ్లు ఏమంటారో కూడా వినమన్నాడు.