నేలమాళిగ పాటలు

సముదాయార్థము లేని పదములకూర్పు దోషమని యాలంకారికుల మతము. భామహుఁడును దండియు దోషగణనమున నపార్థమునే ముందుగాఁ జెప్పిరి. భాష్యకారుఁడు దానిమ్మపండ్లను, అప్పములను, మేఁకతోలును ఒకచోఁ బేర్చి చూపిన యుదాహరణము వ్యాకరణవిద్యార్థి యెఱుఁగనిది గాదు. అందుఁ బ్రతిపదమునకు నర్థము గలదు; అన్నింటికిఁ గలిపి యర్థము లేదు. అయితే దండి యీ దోషమునకు నపవాదము నొకదానిఁ జెప్పెను. ఉన్మత్తులు, మత్తులు, బాలురు పలికినచో నది దోషము గాదనెను. మఱియొకచోఁ గ్రీడాగోష్ఠులయందుఁ బ్రహేళికలకు నుపయోగము గలదని యొప్పుకొనెను. ఈ రెండు మాటలను గలిపి చదివినచో, మిత్రులు తమలోఁ దాము నవ్వుకొనుటకై కట్టి పాడుకొనిన వింతపాటలను దూఁచుటకు త్రాసొకటి దొరకును.

అట్టి పాటలలో మిక్కిలి పేరుపడినవి 1967లో అమెరికాలో నొక యింటి నేలమాళిగలోఁ బుట్టినవి. వానికి మూలపురుషుఁడు బాబ్ డిలన్. 2016లో సాహిత్యమునకు నోబెలు బహుమాన మీతని కీయఁబడెను. 1965, 66 సంవత్సరములలో నీతఁడు విద్యుద్వాద్యములు చేపట్టినందులకుఁ బూర్వపుశ్రోతలు సభలలో నెగ్గులాడిరి. 1966 మే నెలలో మాంచెస్టరునగరమున నొకఁడు, క్రీస్తును బట్టియిచ్చిన జూడాసు పేరఁ బిలుచునంతదాఁక వచ్చెను. ఆ జూలై 29న మోటారుసైకిలు ప్రమాదమున గాయపడి డిలన్ సభలు మానెను. మఱుసటియేడు, న్యూయార్కు రాష్ట్రమున వుడ్‌స్టాకు ప్రాంతమందు, ఆ సభలలోఁ దనతోఁ గూడ వాయించిన మిత్రులను జేర్చుకొని పాడుకొనసాగెను. మొదట డిలన్ ఇంటను, పిదప మిత్రులు వెస్టు సాగర్టీసులో నద్దెకుఁ దీసికొన్న గులాబివన్నె యింటి నేలమాళిగలోను గోష్ఠి సాగెను. రాబీ రాబర్ట్‌సన్, రిక్ డాంకో, రిచర్డ్ మాన్యుయెల్, గార్త్ హడ్సన్ అనువారు తోడివాదకులు. డ్రమ్ములవాఁడు లీవాన్ హెల్మ్ శరత్తునఁగాని వచ్చి చేరలేదు. అందుచేఁ బెక్కుపాటలకు డ్రమ్ములే లేవు. హడ్సన్ టేపుయంత్రమును నడపెను. శ్రోతలు లేరు. గడియలకు వెలకట్టువాఁడు లేఁడు. డిలన్ మేడమీఁద టైపుయంత్రమున మాటలు కొట్టుకొని క్రిందికి దిగివచ్చును. ఒక్కొక్కప్పుడు వరుస కట్టుట మిత్రునివంతు. మాన్యుయెలు, డాంకోలకు నట్లు చెఱియొకపాటలోఁ గర్తృత్వభాగము దక్కెను.

టేపులలోనివన్నియు వింతపాటలు గావు. పాత జానపదగీతములు, నావికుల పాటలు, ఇతరుల పాటలు పెక్కు గలవు. శోకగంభీరములైన క్రొత్తపాటలును గలవు. వానికి సామాన్యకావ్యలక్షణమే చాలును. వింతపాటలలోఁ గొన్ని కేవలము కాలక్షేపములు. ఆనాఁటి ప్రసిద్ధగీతమొకదాని పల్లవిలో మొసలిపేరు తీసి, దానికి ధ్వనిలోఁ దగిన యాలెన్ గిన్స్‌బర్గు కవి పేరు పెట్టి పాడిన పాట యట్టిది. ఒకమాఱు నవ్వి విడువఁదగినది. దీనికిని వ్యాఖ్య వ్రాయువారు గలరు. ఆవులింతకు వ్యాఖ్య వ్రాయుటయు నట్టిదే.

వీనిలోఁ దలమానికము 'క్లోత్స్ లైన్ సాగా', అనఁగా బట్టలతీఁగ కథ. 1967 వేసవిలో బాబీ జెంట్రీ యను గాయని పాడిన 'ఓడ్ టు బిల్లీ జో' యను పాట దేశమంతట మాఱుమ్రోఁగెను. అందొక కుటుంబము భోజనమునకుఁ గూర్చుండి, తామెఱిఁగిన యువకుఁడు వంతెనమీఁదినుండి దుమికి చనిపోయిన వార్తను వడ్డనమాటలతోఁ గలిపి ముచ్చటించుకొనును. మరణమును ఆహారమును ఒకే స్వరమునఁ బలుకుటయే యా పాటకు బలము. డిలన్ పాటకు మొదటిపేరు 'ఆన్సర్ టు ఓడ్'. అది యా పాటకు బదులని పేరే చెప్పుచున్నది. ఇందు ఉదికిన బట్టలు తీఁగపై నుండును. ఆఱినవో లేదో యని యింటివారు తాఁకి చూతురు. పొరుగువాఁడు వచ్చి దేశోపాధ్యక్షునకు మతి చలించినదని చెప్పును. ఎక్కడ, ఎప్పుడు అని యడిగి, పాపమని, మనము చేయఁగలదేమున్నదని యూరకుందురు. అంతట పొరుగువాఁడు ఆ బట్టలు మీవేనా యని ప్రశ్నించును. తుదకు బట్టలు లోనికిఁ దెచ్చుకొని తలుపులు మూసికొందురు. కథ యింతే.

ఇది యపార్థము గాదు. ప్రతివాక్యమునకు నాకాంక్షయు యోగ్యతయు సన్నిధియుఁ గలవు. ఎచ్చటను నన్వయక్లేశము లేదు. లోపించినది భావము. విస్మయమో భయమో పుట్టవలసినచోట నేదియుఁ బుట్టదు. ఉపాధ్యక్షుని మతికిని తడిబట్టకును దక్కినది యొకే యాదరము. జెంట్రీ పాటలో నీ సమత్వము శోకమును బెంచును. డిలన్ పాటలో హాసమును బుట్టించును. అనౌచిత్యము హాస్యమునకు మూలమను సిద్ధాంతమునకు నింతకంటె సూక్ష్మమైన లక్ష్యము దొరకుట యరిది. దీనిని వెక్కిరింతపాట యని త్రోసివేయుట తగదు. మూలగీతపు టుపాయమును గుర్తెఱిఁగి, దానినే మఱియొక రసమునకుఁ ద్రిప్పినాఁడు. విమర్శకుఁడు పుటలకుఁ బుటలు వ్రాసి చెప్పవలసిన మాటను బట్టలతీఁగపై నాఱవేసినాఁడు.

అయినను ముద్రితపాఠమును మాత్రము చదివినవానికి నీ హాస్యము సగమైనను దెలియదు. గాయకుఁడు నవ్వఁడు, స్వరము హెచ్చింపఁడు, నిద్రమత్తు విడనివాఁడు న్యాయస్థానమున సాక్ష్యము చెప్పినట్లు పాడును. ఆ కాకువే యిందుఁ బ్రాణము. కాకువును వ్రాయుటకు మన లిపియందుఁగాని వారి లిపియందుఁగాని గుర్తు లేదు. కనుక నీ పాటలకు మాతృక కాగితము గాదు, టేపే యని నిశ్చయింపవలసియున్నది.

'ఐ యామ్ నాట్ దేర్' అను పాట యీ నిశ్చయమును మఱింత గట్టిపఱుచును. ఇందుఁ బెక్కుచోట్లఁ బదములు లేవు, పదములవంటి ధ్వనులు గలవు. రాగము తెగదు, పదము మాత్రము రూపు దాల్పదు. వినువారు తలకొక పాఠము వ్రాసికొనిరి. తాళపత్రమునఁ బురుగుతిన్నచోటఁ జుక్కలుంచుట పరిష్కర్తకు ధర్మము. ఊహతోఁ బూరించి మూలమని యచ్చొత్తించుట యధర్మము. ఇక్కడఁ బురుగు దినలేదు, కవియే పదము నుంచలేదు. ఈ గ్రంథపాతము మూలములోనిదే. దీనిని బూరించువాఁడు పాటను దిద్దుటలేదు, చెఱుచుచున్నాఁడు.

ఇట్టి పాటలను లోకమున వెలార్చుటయే తప్పని యొక పక్షము గలదు. అది పూర్తిగా నిలువదు. పాడినవారే 14 పాటలను నమూనారికార్డుగాఁ జేయించి యితరగాయకులకుఁ బంపిరి. వానిలోని యెస్కిమో క్విన్ పాటను మాన్‌ఫ్రెడ్ మాన్ బృందము పాడఁగా 1968లో నింగ్లాండున నది ప్రథమస్థానము నందెను. మిగిలినవి మాత్రము గోష్ఠిని విడిచి పోవుటకుఁ బుట్టినవి గావు. 1969లో ననుమతి లేకయే 'గ్రేట్ వైట్ వండర్' అను దొంగరికార్డులోఁ గొన్ని వెలువడెను. 1975లోఁ గొలంబియాసంస్థ 24 పాటలతో రెండురికార్డుల సంపుటమును బ్రకటించెను. వానిలో 8 డిలన్ పాడనివి. ఆ యెనిమిదింటఁ గొన్ని యా గోష్ఠిలోనివే కావని పిదప తేలెను. కొన్ని పాటలకు 1975లోఁ గ్రొత్తగా వాద్యములు చేర్పఁబడెను. చేర్చినది గోష్ఠిలోనివారే గదా యని సమాధానము చెప్పుదురు. కవి తానే యెనిమిదేండ్లకుఁ దరువాతఁ జేర్చినను, దానిని మొదటిప్రతిలోనిదిగాఁ జూపినచోఁ బ్రక్షేపమే. 2014లో 6 డిస్కులలో 138 పాటలు, తప్పులతోను దెగినచోట్లతోను వెలువడెను. విమర్శకునకు నాధారము కాఁదగినది యిదియే.

గ్రీల్ మార్కస్ 1997లో నీ టేపులపై నొక గ్రంథమును రచించి, వీనిలోఁ బాత అమెరికా జానపదలోకమంతయుఁ గలదని వాదించెను. గాథాగీతముల విషయమున నా వాదము బలమైనది. క్విన్ పాటకును బట్టలతీఁగకును దానిని బట్టింపఁబోయినచో, దండి యొప్పుకొనిన క్రీడావినోదమునకుఁ దావే యుండదు.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'చాటుపద్యమణిమంజరి'లోఁ గూర్చిన చాటువులలోఁ బెక్కింటిని మన పూర్వులు గోష్ఠులలోఁ జెప్పుకొనిరి. వానిలోఁ బద్యము మిగిలినది. సందర్భము కట్టుకథగా మిగిలినది, అందును నమ్మరానివి పెక్కు. పలికినవాని కాకువు, విన్నవారి నవ్వు పోయినవి. హడ్సన్ యంత్రము నిలిపినది సరిగా నీ పోయిన భాగమునే. 'గెట్ యువర్ రాక్స్ ఆఫ్' అను కొంచెము మోటుపాటలో గాయకుఁడు నడుమ నవ్వాపుకొనలేక తడఁబడును. ముద్రితపాఠమున నా నవ్వు లేదు. 1975 సంపుటమున నా పాటయే లేదు. 2014 నాఁటి దానిలో రెండును గలవు.