మోహనంలో స్వరమూ మాటా

అయిదు స్వరాల రాగాన్ని మన శాస్త్రం ఔడవమంటుంది. మోహనంలో ఉన్నవి స, రి, గ, ప, ద మాత్రమే. మధ్యమ నిషాదాలు లేవు. దీన్ని 28వ మేళమైన హరికాంభోజికి జన్యంగా చెప్పడం వాడుక. కాని మేళాన్ని తేల్చవలసిన స్వరాలే ఇందులో లేవు కనుక, లెక్క ప్రకారం 29, 64, 65 మేళాలకూ ఇది చెల్లుతుంది. గ్రహభేదం చేసి చూస్తే, రిషభం షడ్జమైనప్పుడు మధ్యమావతి, గాంధారమైతే హిందోళం, పంచమమైతే శుద్ధసావేరి, ధైవతమైతే శుద్ధధన్యాసి వస్తాయి. మోహనాన్ని గురించిన వ్యాసాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. లెక్క సరైనదే. రాగం మాత్రం లెక్కలో లేదు.

హిందుస్తానీ భూపాలీకీ ఇవే అయిదు స్వరాలు. అయినా వినేవారు రెంటినీ ఒకటనుకోరు. గమకం, నిలకడ, సంచారం వేరు. మన పద్ధతిలో విద్యార్థికి ఆ సంచారం అలవడేది రచనల వల్ల. మోహనంలో ఆ మొదటి రచన చాలామందికి ‘నిన్నుకోరి’ వర్ణం. రామనాథపురం శ్రీనివాస అయ్యంగారు (1860-1919) తమిళదేశంలో ఉండి తెలుగులో కూర్చిన వర్ణమిది. దీన్ని నేర్చుకునే తమిళ, కన్నడ విద్యార్థులలో ఎందరికి మాటల అర్థం చెబుతున్నారు?

వర్ణంలో సాహిత్యం నామమాత్రమేనని కొందరంటారు. అక్షరాలు తక్కువ, స్వరాలు ఎక్కువ అన్నది నిజమే. అందువల్లనే అర్థం మరింత అవసరం. ‘కోరి’ అన్నది అసమాపక క్రియ. వాక్యం అక్కడ ముగియదు, తరువాతి క్రియ కోసం చూస్తుంది. త్యాగరాజస్వామి మోహన కృతి ‘నను పాలింప’ మొదలూ అంతే. ‘పాలింప’ తుమున్నర్థకం, అదీ మరొక క్రియను కోరుతుంది. ఇది తెలిసిన గాయకుడు అక్కడ ఊపిరి తీసుకున్నా మాటను ముగించినట్లు పాడడు. తెలియనివాడు తాళం ఎక్కడ ఒప్పుకుంటే అక్కడ తెంచుతాడు. స్వరం తప్పదు, శ్రుతి తప్పదు, వాక్యం మాత్రం చచ్చిపోతుంది.

ఇందుకు విద్యార్థిని తప్పుపట్టి లాభం లేదు. స్వరలిపి పుస్తకాలలో మాట అక్షరాలుగా విడిపోయి గీతల మధ్య చెదిరిపోతుంది. పాఠానికి ముందు సాహిత్యాన్ని పదవిభాగంతో, విద్యార్థి మాతృభాషలో అర్థంతో ఒక పుటలో అచ్చువేస్తే చాలు. తెలుగునాడు వెలుపల ఉన్న తెలుగు శాఖలకు ఇంతకంటె దగ్గరి పని మరొకటి కనబడదు. ఆ ఊళ్లలో తెలుగు రోజూ వినిపించే చోట్లలో సంగీత పాఠశాల ఒకటి. అక్కడ మన భాష శబ్దంగా మాత్రమే మిగిలిపోకూడదు.